గేట్లు ఎత్తే రోజు ముందే తెలుస్తుంది, బండి పెట్టే చోటే తెలియదు

నాగార్జునసాగర్‌లో రోడ్లు, డ్యామ్ భద్రత, పట్టణ పాలన, పర్యాటకం, ట్రాఫిక్ చూసే అధికారులందరికీ, సాగర్ చూడడానికి బండి వేసుకొని వచ్చే నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రజలకూ,

నమస్కారం.

నాది సాగర్‌లో రోడ్డు పక్కన చిన్న టిఫిన్ హోటల్. ఇడ్లీ, వడ, చాయ్, మధ్యాహ్నం పప్పన్నం. గేట్లు ఎత్తినప్పుడు ఇక్కడికి వచ్చే బండ్లు ఎక్కడ పెట్టాలో తేల్చమని మేం కొంతమంది దుకాణాలవాళ్ళం, ఆటోవాళ్ళం, కాలనీ పెద్దలం కలిసి అర్జీలు ఇచ్చాం. ఒక ఆఫీసులో రోడ్డు మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో జాగా మాది కాదన్నారు. మరో చోట అర్జీ తీసుకొని ముద్ర వేసి రసీదు ఇచ్చారు. ఆ రసీదు మా దగ్గర భద్రంగా ఉంది, జవాబు మాత్రం రాలేదు. ఏ ఆఫీసు, ఏ అధికారి అన్నది ఇక్కడ రాయను. ఒకరి మీద చాడీ చెప్పడం వల్ల మాకు ఒరిగేదేమీ లేదు. విడివిడిగా అడిగితే ఎవరికి వారు పక్కవాళ్ళను చూపిస్తున్నారు కాబట్టి అందరినీ ఒకేసారి, అందరి ముందూ అడుగుతున్నాం.

సముద్రం లేని జిల్లాలు మనవి. సూర్యలంకకో చీరాలకో పోవాలంటే తెల్లవారకముందే లేవాలి. పిల్లలు నీళ్ళు చూద్దామంటే మనవాళ్ళకు గుర్తొచ్చేది సాగరే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఆ డ్యామ్ కట్టినవాళ్ళ కోసం పుట్టినవి. ఇక్కడి రోడ్లు ప్రాజెక్టు జీపులకూ లారీలకూ వేసినవి. ఇంటికో కారు ఉండే కాలం వస్తుందని, అవన్నీ ఒకే ఆదివారం ఇక్కడికి వస్తాయని అప్పుడెవరూ అనుకొని ఉండరు. వాళ్ళను తప్పు పట్టలేం. ఇప్పుడు ఆ సంగతి కళ్ళముందే ఉన్నా ఏమీ చేయకపోవడాన్నే తప్పు పడుతున్నాం.

జామ్ ఎలా మొదలవుతుందో మా హోటల్ అరుగు మీద నిలబడితే కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి మల్లేపల్లి మీదుగా వచ్చే రోడ్డు ఒకటి. నల్గొండ నుంచి హాలియా మీదుగా వచ్చే 565 జాతీయ రహదారి ఒకటి. కల్వకుర్తి, దేవరకొండ దిక్కు నుంచి పాలమూరు బండ్లు వచ్చి మల్లేపల్లిలో కలుస్తాయి. అవతలి నుంచి మాచర్ల బండ్లు. డ్యామ్ మీదికి మామూలు జనాన్ని పోనివ్వరు. కాబట్టి 26 గేట్ల నుంచి నీళ్ళు దుంకేది ఎదురుగా చూడాలంటే అందరికీ దిక్కు కింద ఉన్న కొత్త వంతెన. అది రెండు రాష్ట్రాల బండ్లు అటూ ఇటూ పోవడానికి కట్టిన వంతెన, చూసేవాళ్ళ కోసం కట్టింది కాదు.

పొద్దున ఎనిమిది దాకా ఏ ఇబ్బందీ ఉండదు. తర్వాత ఎవరో ఒకాయన వంతెన మీద కారు పక్కకు తీస్తాడు. ఒక్క ఫొటో, రెండు నిమిషాలు అంటాడు. రోడ్డు వైపు డోర్ తీస్తాడు. పిల్లలు దిగుతారు, పెద్దామె చెప్పులు వెతుక్కొని దిగుతుంది. వెనకున్న వాళ్ళు ఆయన ఆపాడు కదా అని ఆపుతారు. నీటి తుంపర ఫోన్ల మీద పడుతుంది, తుడుచుకొని మళ్ళీ ఫొటో. రెండు నిమిషాలు ఇరవై అవుతాయి. ఒక వరుస నిండాక దాని పక్కనే రెండో వరుస మొదలవుతుంది. అంతలో మాచర్ల నుంచి ఆర్టీసీ బస్సు వచ్చి మధ్యలో ఇరుక్కుంటుంది. బస్సు ఇరుక్కుందంటే ఇక ఆ పూటకు అంతే. టికెట్ మిషన్ మెడలో వేసుకొని కండక్టరే కిందికి దిగి, ఒక్కో కారు అద్దం కొట్టి, లోపల ఎవరూ లేకపోతే రెయిలింగ్ దగ్గరికి పోయి "ఈ తెల్ల కారు ఎవరిది బాబూ" అని అరుస్తాడు. తెల్ల కార్లు అక్కడ యాభై ఉంటాయి.

పోలీసులు పని చేయడం లేదని నేను అనను. రెయిన్‌కోటు లేకుండా తడుస్తూ విజిల్ ఊదే హోంగార్డుకు మేమే చాయ్ పంపిస్తాం. కానీ ఆయన "ఇక్కడ ఆపొద్దు" అని మాత్రమే చెప్పగలడు. "మరి ఎక్కడ పెట్టాలి సార్?" అని డ్రైవర్ అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఆ జవాబు ఇవ్వాల్సింది మీరు. అది లేకనే మిగతా లొల్లంతా. దానివల్ల ఎవరికి ఏం జరుగుతోందో వరుసగా చెబుతాను.

1. అందరికంటే ముందు, దావఖానకు పోవాల్సినవాళ్ళు. చుట్టుపక్కల తండాల నుంచి కాన్పు నొప్పులతో ఆటోలో తెచ్చిన ఆడబిడ్డను బండ్ల సందుల్లోంచి నడిపించుకొని పోవడం చూశాం. పాము కరిచినవాళ్ళకైనా, గుండె నొప్పి వచ్చినవాళ్ళకైనా ఆ పూట వేరే దారి లేదు. అంబులెన్సుకు దారి ఇవ్వని బండికి మోటారు వాహనాల చట్టం 194ఇ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉన్నాయి. సెక్షన్ మంచిదే. కానీ తాళం వేసి వెళ్ళిపోయిన కారు సైరన్ విని పక్కకు జరగదు కదా. రోడ్డుకు అడ్డంగా, ప్రమాదం కలిగేలా బండి వదిలిపోవడం 122వ సెక్షన్ ప్రకారం తప్పు. అలాంటి బండిని లాగించే అధికారం 127వ సెక్షన్ ఇస్తోంది. లాగడానికి ఒక్క టోయింగ్ బండి అన్నా రద్దీ రోజుల్లో సాగర్‌లో ఉండాలి. లాగిన బండిని పెట్టడానికీ జాగా కావాలి. అంటే మళ్ళీ మొదటి ప్రశ్నకే వచ్చాం.

2. బస్సు మీద బతికేవాళ్ళు. సొంత బండి ఉన్నవాడు ఆపిన జామ్‌లో ఎక్కువసేపు నలిగేది బండి లేనివాడే. మాచర్లలో, హాలియాలో పని చేసుకొని రోజూ తిరిగేవాళ్ళున్నారు, కాలేజీ పిల్లలున్నారు. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయింది, కాబట్టి బస్సుల్లో వాళ్ళే ఎక్కువ. బస్సు కదలకపోతే డ్రైవర్ "దిగి నడవండమ్మా" అంటాడు. చంకలో పిల్లాడు, చేతిలో సంచి, నెత్తి మీద మూట, ఇటు కార్లు, అటు బైకులు. సాయంత్రం ఆఖరి బస్సు ఆలస్యమైతే తండాకు పోయే ఆటో దొరకదు, దొరికినా రెండింతలు అడుగుతాడు. బస్సు మిస్సయి మా హోటల్ బెంచీ మీద ఫోన్ పట్టుకొని కూర్చున్న ఆడవాళ్ళకు టెన్షన్ పడకండని చెప్పడం తప్ప మేం చేయగలిగింది ఉండదు.

3. జనం వస్తే మాలాంటి వ్యాపారులకు పండగే కదా అని చాలామంది అంటారు. ఇది లోపలి నుంచి చూస్తే వేరు. కారు కదలకపోతే అందులోవాళ్ళు దిగరు, దిగితే తమ ముందు ఉన్న చోటు పోతుందని భయం. రోడ్డు నిండా జనం, హోటల్లో ఈగలు. పదకొండు గంటలకు మిగిలిపోయిన ఇడ్లీ పిండి సాయంత్రానికి పులిసిపోతుంది. గ్యాస్ సిలిండర్ బండి రాదు, పాల బండి రాదు. చేపల ఫ్రై అమ్మేవాళ్ళదీ అదే కథ. నూనె కాగుతూనే ఉంటుంది, కొనేవాడు అద్దం లోపలి నుంచే చూసి పోతాడు. బండి ఒక చోట నింపాదిగా పెట్టుకున్న కుటుంబం మాత్రం కూర్చొని తింటుంది, పిల్లలకు జామకాయలు, మొక్కజొన్న కంకులు కొంటుంది, సాయంత్రం దాకా ఉంటుంది. కాబట్టి పార్కింగ్ అడుగుతున్నామంటే మా గిరాకీ కోసం కూడా అడుగుతున్నాం. అందులో దాపరికం లేదు.

4. వసూళ్ళు. చోటు లేదని తెలిసిన చోట డబ్బులు పుడతాయి. ఎవరో ఖాళీ జాగాకు తాడు కడతారు, చేతిలో చిట్టీల పుస్తకం పట్టుకుంటారు. చిట్టీ మీద ముద్ర లేదు, తేదీ లేదు, కొన్నిటి మీద బండి నంబరు కూడా లేదు. పొద్దున ముప్పై అన్నది మధ్యాహ్నానికి వంద అవుతుంది. అక్కడ కట్టి వచ్చిన కుటుంబాన్ని అరకిలోమీటరు తర్వాత ఇంకొకరు ఆపి మళ్ళీ అడుగుతారు. "ఇందాకనే ఇచ్చినం కదా" అనే అవకాశం కూడా లేదు, ఎవరికి ఇచ్చారో వాళ్ళకే తెలియదు. బండికి గీత పడితే, హెల్మెట్ పోతే అడగడానికి మనిషి ఉండడు. చివరికి వచ్చినవాళ్ళు మా హోటల్లో చాయ్ తాగుతూ "మీ ఊరోళ్ళు దోచుకుంటున్నరు" అని మా మొహం మీదే అంటారు. ఆ డబ్బు ఊరికి రాదు, మాట మాత్రం ఊరికి వస్తుంది.

5. ప్రాణాలు. చోటు దొరకనివాడు దొరికిన చోట ఆపుతాడు. రోడ్డు వారన ఆపి, కంచె లేని చోట రాళ్ళ మీద నుంచి నీటి దగ్గరికి దిగుతాడు. డ్యామ్ కింద నది నిమిషాల్లో మారుతుంది. రెండు గేట్లు ఎత్తి ఉన్నప్పుడు నిలబడిన బండ, ఇంకో నాలుగు ఎత్తితే కనిపించదు. 815.6 మెగావాట్ల ప్రధాన విద్యుత్ కేంద్రం నడిచినా నీళ్ళు పెరుగుతాయి. ఎక్కడ బండి ఆగితే అక్కడే జనం దిగుతారు. బండ్లను ఒక చోటికి మళ్ళిస్తే జనం కూడా ఆ చోటికే వస్తారు, అక్కడ కంచె, గజ ఈతగాళ్ళు, మైకు పెడితే సరిపోతుంది. నది పొడుగునా కాపలా పెట్టడం ఎవరి వల్లా కాదు.

6. కాలనీ ఇళ్ళ సంగతి క్లుప్తంగా చెబుతాను. గేటు ముందు కార్లు, గోడ పక్కన మూత్రాలు, చెట్టు కింద ప్లాస్టిక్ పళ్ళేలు, సీసా ముక్కలు. ఆ పూట కాలనీలో ఎవరైనా చనిపోతే పాడె తీయడానికి కూడా దారి అడుక్కోవాలి.

జాగా లేదనే జవాబు మాకు చాలాసార్లు వచ్చింది. ఒక లెక్క చూడండి. కారు నిలపడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు చాలు, అంటే 12.5 చదరపు మీటర్లు. లోపలికి రావడానికి, తిప్పుకోవడానికి దారి కలిపితే కారుకు 30 చదరపు మీటర్లు వేసుకుందాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఎకరానికి సుమారు 130 కార్లు. మూడెకరాలు ఉంటే దాదాపు 400 కార్లు పడతాయి. అవే 400 కార్లు రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఆగితే, బండికి ఆరు మీటర్ల లెక్కన, 2.4 కిలోమీటర్ల క్యూ. మీరు మూడెకరాలు చూపించకపోతే మేం రెండున్నర కిలోమీటర్ల రోడ్డు పోగొట్టుకుంటున్నాం.

మూడెకరాలు సాగర్‌లో దొరకవా? ఇది ప్రాజెక్టు కోసం సర్కారు జాగాలో కట్టిన ఊరు. పాత క్వార్టర్లు కూలిపోయి ముళ్ళకంపలు మొలిచిన చోట్లున్నాయి. బౌద్ధ పార్కు బుద్ధవనం ఒక్కదానికే 274 ఎకరాలు కేటాయించి 2022 మేలో ప్రారంభించుకున్నాం, మంచి పని. ఏ సర్వే నంబరు ఏ శాఖ చేతిలో ఉందో మీ రికార్డుల్లో ఉంటుంది. ఒక్క పూట మీరందరూ ఒక బల్ల దగ్గర కూర్చొని మ్యాపు పరిస్తే తేలే విషయం. జాగా కొనమని మేం అడగడం లేదు, రద్దీ రోజులకు కంపలు కొట్టించి, మొరం పోయించి, సున్నంతో గీతలు గీయించమంటున్నాం.

రెండో జవాబు, "గేట్లు ఎప్పుడెత్తుతామో మాకే తెలియదు". ఇది ఒప్పుకోలేం. కృష్ణ నీళ్ళు రాత్రికి రాత్రి ఊడిపడవు. ముందు నదికి ఎగువన ఉన్న జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తుతారు. తర్వాత శ్రీశైలం దాని నిండు మట్టం 885 అడుగుల వైపు పోతుంది, అక్కడా ఎత్తుతారు. ఆ తర్వాతే సాగర్ దాని నిండు మట్టం 590 అడుగులకు దగ్గరవుతుంది, 312 టీఎంసీలు నిండాలి. ఈ అడుగులు, క్యూసెక్కులు రోజూ పేపర్లో వస్తాయి. మా హోటల్లో చాయ్ తాగే ముసలాయన కూడా "ఇంకో వారంలో ఎత్తుతరు" అని చెబుతాడు, చాలాసార్లు నిజమవుతుంది. 2024లో ఆగస్టు మొదటి వారంలో ఎత్తారు, 2025లో జూలై నెలాఖరుకే ఎత్తారు. 2023లో అసలు నిండనే లేదు. చిక్కు అక్కడే ఉంది. గేట్లు ఎత్తని ఏడాది పార్కింగ్ ఎవరికీ గుర్తుండదు. ఎత్తిన ఏడాది కూర్చొని ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. పెళ్ళికి ఊరంతా పిలిచి, బంతిలో జనం కూర్చున్నాక విస్తళ్ళ కోసం మనిషిని పంపినట్టుంటుంది.

పైగా రద్దీ గేట్ల నాడే కాదు. శివరాత్రి, కార్తీకమాసం, బుద్ధ పూర్ణిమ, దసరా సెలవులు ఉన్నాయి. నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలో పోయేవాళ్ళు ఏడాదంతా వస్తారు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు అయ్యాయి, మళ్ళీ 2028లో వస్తాయి. పుష్కరాలకు బండ్లను దూరంలో ఆపించి ఘాట్ల దాకా బస్సులు నడపడం మీకు తెలియని పని కాదు. పన్నెండేళ్ళకోసారి చేయగలిగింది ఏటా నాలుగైదు వారాంతాలకు చేయలేరా?

జనం మాట వినరని కూడా అంటారు. నల్లమలలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూస్తారు. శ్రీశైలం పోయేవాళ్ళు దాన్నిబట్టే ఇంటి నుంచి బయలుదేరతారు, తిట్టుకుంటూ అయినా పాటిస్తారు. ఎందుకంటే అది రోజూ ఒకేలా ఉంటుంది, అందరికీ ముందే తెలుసు. సాగర్‌లో మాత్రం పోయిన ఆదివారం ఆపనిచ్చిన చోట ఈ ఆదివారం ఆపితే చలానా. ఈ ఆదివారం చలానా వేసిన చోట సాయంత్రానికి పెద్దవాళ్ళ కాన్వాయ్ ఆగి ఉంటుంది. ఇలా ఉంటే ఎవరైనా ఎందుకు వింటారు?

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవీ.

మొట్టమొదట, ఒక్క అధికారిని పెట్టండి. రద్దీ రోజుల్లో సాగర్ పార్కింగ్, ట్రాఫిక్ మొత్తానికి ఆయనదే బాధ్యత అని లిఖితపూర్వకంగా చెప్పండి. ఆయన ఫోన్ నంబరుతో రోడ్డు మీద బోర్డు పెట్టండి. మిగతా శాఖలు ఆయనకు మనుషుల్ని, జాగాను ఇవ్వాలి. ఇది ఒక్కటి జరిగితే మిగతావి సగం జరిగినట్టే.

హైదరాబాద్ వైపు, హాలియా వైపు ఊరు మొదలయ్యే ముందే ఒక్కో పార్కింగ్ జాగా తేల్చండి. కార్లకు వేరు, బైకులకు వేరు, టూరిస్టు బస్సులకు వేరు. రెండు రోడ్ల జాగాలు వేరుగా ఉంటేనే బండ్లు ఊళ్ళోకి వచ్చి ఎదురెదురుగా తిరగకుండా ఉంటాయి. అక్కడి నుంచి వంతెన దాకా, శివాలయం ఘాట్ దాకా, లాంచీ స్టేషన్ దాకా చిన్న బస్సులు నడపండి. ఆర్టీసీకి బస్సులు సరిపోకపోతే ఇక్కడి ఆటోవాళ్ళకే రేటు కట్టి వరుస నంబర్లు ఇవ్వండి, వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ముసలివాళ్ళకు, వికలాంగులకు మాత్రం దగ్గరలో కొద్ది చోటు విడిగా ఉంచండి. వాళ్ళను కూడా కిలోమీటరు నడిపిస్తే అది న్యాయం కాదు.

కొత్త వంతెన మీద, దాని రెండు చివర్ల మలుపుల దగ్గర ఎవరి బండీ ఆగకూడదు. ఎవరిదీ అంటే వీఐపీలది కూడా. నడిచి వచ్చి చూసేవాళ్ళకు ఒక వైపు తాడు కట్టి దారి ఇవ్వండి, బండ్లు మాత్రం కదులుతూనే ఉండాలి. ఇది అవతలి పల్నాడు జిల్లా అధికారులతో కలిసి చేయాల్సిన పని. 2023 నవంబరు చివర్లో నీళ్ళ కోసం డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసుల మధ్య జరిగిన గొడవ చూశాం, ఆ నీళ్ళ పంచాయితీ పెద్దలు తేలుస్తారు. కార్ల పంచాయితీకి మంత్రుల స్థాయి చర్చలు అక్కర్లేదు, రెండు వైపుల సీఐలు ఒక చాయ్ తాగితే తేలుతుంది. చాయ్ మా హోటల్లోనే.

రుసుము తీసుకోండి, మేం వద్దనం. కానీ ఒకటే రేటు, పెద్ద అక్షరాలతో బోర్డు, బండి నంబరు, తేదీ ఉన్న రసీదు. ఒక్కసారి కట్టితే ఆ రోజంతా సాగర్‌లో ఎక్కడైనా చెల్లాలి. వచ్చిన డబ్బుతో అక్కడే మరుగుదొడ్లు, తాగునీళ్ళు, లైట్లు పెట్టండి, ఎంత వచ్చిందో నెలకోసారి మున్సిపల్ నోటీసు బోర్డు మీద అంటించండి. ముద్ర లేని చిట్టీతో వసూలు చేసేవాళ్ళ మీద కేసు పెట్టండి. ఆడవాళ్ళ మరుగుదొడ్డి విషయం మాత్రం రుసుము వచ్చేదాకా ఆగేది కాదు, అది ముందే కావాలి.

ఇక ముందే చెప్పడం. శ్రీశైలంలో గేట్లు ఎత్తిన రోజే మల్లేపల్లిలో, హాలియాలో, దేవరకొండలో ఫ్లెక్సీలు కట్టించండి. సాగర్ పార్కింగ్ ఎక్కడ, నిండితే ఏం చేయాలి, తిరిగి పోయే దారి ఏది, ఇంతే రాస్తే చాలు. జాగా నిండిపోతే హాలియాలోనే, మల్లేపల్లిలోనే బండ్లు ఆపి చెప్పండి. యాభై కిలోమీటర్లు వచ్చాక వెనక్కి పొమ్మంటే ఎవడికైనా కోపం వస్తుంది, బయలుదేరే ముందు తెలిస్తే ఇంకో రోజు వస్తాడు.

అంబులెన్సుకు ఒక దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. రద్దీ రోజుల్లో ఒక 108 బండిని వంతెనకు అవతల, ఒకదాన్ని ఇవతల ఉంచితే జామ్ దాటే అవసరమే రాదు. దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

సాగర్‌కు వచ్చే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు నాలుగు ముక్కలు. అధికారులు చేసేదాకా మనం చేయగలిగింది మనం చేద్దాం. గేట్లు ఎత్తాక మొదటి ఆదివారమే రావాలని లేదు, వరద ఉంటే నీళ్ళు వారం మధ్యలో కూడా అంతే అందంగా దుంకుతాయి. మంగళవారమో బుధవారమో రండి, పొద్దున తొమ్మిదిలోపు రండి. శుక్రవారం నాగార్జునకొండ మ్యూజియం సెలవు, ఆ ఆశతో వస్తే నిరాశ పడతారు. బుద్ధవనం, లాంచీ చూసేవాళ్ళు బండి అక్కడి ఆవరణల్లోనే పెట్టి వంతెనకు ఆటోలో రండి. వంతెన మీద మాత్రం ఆపకండి, "ఒక్క నిమిషం" కూడా ఆపకండి. మీ వెనక బస్సులో ఎవరున్నారో మీకు తెలియదు. కాలనీలో ఇంటి ముందు పెట్టాల్సి వస్తే తలుపు కొట్టి అడగండి, అద్దం మీద ఫోన్ నంబరు రాసి పెట్టండి. చాలామంది కాదనరు, మంచినీళ్ళు కూడా ఇస్తారు. ముద్ర లేని చిట్టీకి డబ్బులు ఇవ్వకండి, గొడవ అవుతుందనిపిస్తే ఇచ్చి ఫొటో తీసి పెట్టుకోండి.

అధికారులకు మళ్ళీ ఒక మాట. ఈసారి సాగర్ మట్టం 575 అడుగులు దాటేలోపు మీరందరూ ఒక చోట కూర్చోవాలని, మాలో కూడా ఇద్దరు ముగ్గురిని పిలవాలని కోరుతున్నాం. ఒక హోటలాయన, ఒక ఆటో డ్రైవర్, కాలనీ నుంచి ఒక ఆడమనిషి ఉంటే చాలు. ఎక్కడ మొదట బండి ఆగుతుందో, ఎన్ని గంటలకు ఆగుతుందో మేం చూపిస్తాం. అప్పటికీ పిలుపు రాకపోతే ఇదే లేఖ మీద ఇక్కడివాళ్ళ సంతకాలు తీసుకొని జిల్లా కేంద్రంలో ప్రజావాణికి వస్తాం. పాత అర్జీ రసీదు కూడా వెంట తెస్తాం.

పార్కింగ్ బోర్డు పెట్టడానికి గోడ కావాలంటే మా హోటల్ పక్క గోడ ఉంది. రోడ్డుకు ఎదురుగా, పన్నెండు అడుగుల పొడవు. సున్నం నేను వేయిస్తాను, రాత మీరు రాయించండి.

ఇట్లు,
సాగర్ రోడ్డు మీద టిఫిన్ హోటల్ నడుపుకొనే ఒక స్థానికుడు,
తోటి దుకాణదారులు, ఆటోడ్రైవర్లు, కాలనీ నివాసుల తరఫున